సబ్జా బొంత

మా డాబా మెట్లు ఇంకా కాస్త జారుతూనే ఉన్నాయి. మా ఇంటికి వస్తే రెయిలింగు పట్టుకుని ఎక్కండి, ముందే చెప్తున్నాను. మా ఆయన పట్టుకోలేదు. ఆయన ఎలా దిగారో తర్వాత చెప్తాను. ముందు మీకు తెలియాల్సింది ఏమిటంటే, ఇదంతా నాకు నిద్ర పట్టకపోవడం వల్ల జరిగింది. నిద్ర పట్టకపోతే లోకంలో మనుషులు పాలు తాగుతారు, మాత్ర వేసుకుంటారు, మంచం మీద అటూ ఇటూ దొర్లుతారు. నేను డాబా మీద వరద తెప్పించాను.

టీ తీసుకోండి, మొదటినుంచీ చెప్తాను.

నేను నారాయణగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. ఇల్లు చిక్కడపల్లిలో. మా ఆయన తాతగారు ఉద్యోగం మీద గుంటూరు వైపు నుంచి వచ్చి కట్టుకున్న పాత ఇల్లు. కింద మేము ముగ్గురం, నేనూ మా ఆయనా మా అత్తయ్యా. మేడ మీద వాటాలో కిరాయికి నర్సింగ్, వాళ్ళావిడ స్వప్న. మొన్న వేసవిలో మా ప్రిన్సిపాల్ మేడం రిటైరయ్యారు. కరస్పాండెంటు గారు నన్ను పిలిచి, "పద్మజ గారూ, కొన్నాళ్ళు ఇన్‌చార్జిగా చూసుకోండి. దసరా సెలవులయ్యాక మీరు సరే అంటే పర్మనెంటు చేసేద్దాం" అన్నారు. "ఆలోచించుకుని చెప్తాను సార్" అని వచ్చేశాను. ఆలోచించుకోవడానికేముంది, ఆ కుర్చీ మీద నాకు చేరినప్పటినుంచీ కన్ను. ఇంటికొచ్చే దారిలోనే మనసులో ఆ కుర్చీలో కూర్చుని బెల్లు కూడా కొట్టించేశాను.

పగలు బ్రహ్మాండంగా నడిచేది. పిల్లల తగాదాలు, తల్లిదండ్రుల ఫిర్యాదులు, వ్యాను డ్రైవరు అలకలు, ఏదొచ్చినా నవ్వుతూ సర్దేసేదాన్ని. రాత్రి తల దిండు మీద ఆనించగానే స్కూలు మళ్ళీ తెరుచుకునేది. వ్యాను వెనక తలుపు గడియ సరిగ్గా పడుతోందా? ల్యాబులో యాసిడ్ సీసా బీరువాలో పెట్టారా? సంపు మీద మూత ఉందా? స్కూలు అయిపోయాక ఇల్లు మొదలయ్యేది. గ్యాస్ కట్టేశానా? గేటుకి తాళం వేశానా? అన్నిటికన్నా ముఖ్యంగా, మోటరు ఆపానా?

మా మోటరు సంగతి మీకు తెలీదు కదా. సంపులో నీళ్ళు పైన ట్యాంకుకి ఎక్కించే డ్యూటీ నాది. పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ నాదే. ఇన్నేళ్ళలో మా ట్యాంకు ఒక్కసారి కూడా పొర్లలేదు. మా సందులో ఇంకెవరికీ లేదు ఆ రికార్డు. ఆపేశానని తెలిసి కూడా రాత్రి లేచి వెళ్ళి స్విచ్చి మీద చెయ్యి వేసి చూసి వచ్చేదాన్ని. పక్కన మా ఆయన హాయిగా గుర్రు పెడుతూ ఉండేవారు. "మీకెలా పడుతుందండీ అంత నిద్ర?" అని ఒక పొద్దున అడిగాను. "నువ్వు లేచి చూస్తావని నాకు తెలుసు పద్మా. అందుకే పడుతుంది" అన్నారు. ప్రేమగానే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఇలా కొన్నాళ్ళు గడిచాక ఒకరోజు టెన్త్ క్లాసులో బోర్డు మీద ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాశాను. నేను రాయడం కాదు విశేషం, పిల్లలందరూ నోరెత్తకుండా నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నారు. నా మీద అంత నమ్మకం. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పేశాను. "నిద్ర దారిన పడితే సరే అంటాను. లేకపోతే ఆ కుర్చీ నాకొద్దు. నిద్రలేని మనిషి చేతిలో అంతమంది పిల్లల్ని పెట్టకూడదు." గట్టిగా చెబుదామనుకున్నాను గానీ చివరికి కొంగుతో కళ్ళొత్తుకున్నాను. అంత ఆశపడ్డదాన్ని మరి.

"అయితే నిద్ర సంగతే చూద్దాం. దానిదేముంది" అన్నారు ఆయన. మా ఆయన ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తారు. ఏదైనా కొలిస్తే గానీ నమ్మరు. మర్నాడే నా చేతికి ఒక వాచీ తగిలించారు. రాత్రంతా పెట్టుకుని పడుకుంటే పొద్దున్నే నిద్రకి వందకి ఇన్ని అని మార్కులు వేస్తుంది. మొదటి రోజు నాకు ముప్పై ఒకటి వచ్చింది. పాసు మార్కులు కూడా లేవు. బళ్ళో చేరినప్పటినుంచీ దేనిలోనూ ఫెయిలవని మనిషిని, కళ్ళు మూసుకుని పడుకోవడంలో ఫెయిలయ్యాను. ఆ మర్నాటినుంచీ మార్కులెన్ని వస్తాయో అన్న బెంగతో ఉన్న నిద్ర కూడా పోయింది.

స్టాఫ్‌రూములో తలా ఒక వైద్యం చెప్పారు. సైన్సు మేడం పాలల్లో జాజికాయ అరగదీసి తాగమన్నారు. తాగాను, నిద్ర రాలేదు గానీ మర్నాడు ఉదయం ప్రేయర్లో జోగాను. హిందీ మేడం అరికాళ్ళకి ఆముదం రాయమన్నారు. రాసుకున్నాను, మోటరు స్విచ్చి చూడటానికి లేచి అడుగేస్తే హాల్లో సోఫా దాకా ఆగకుండా వెళ్ళాను. పీఈటీ సారు ఫోన్లో వాన చప్పుడు వినిపించే యాప్ పెట్టి ఇచ్చారు. చక్కటి వాన, సన్నగా, లయగా. విన్న కాసేపటికి గుర్తొచ్చింది, ఫోర్త్ క్లాసు రేకుల షెడ్డు కారుతుందని. లేచి కూర్చున్నాను. కళ్ళకి గంతలు కట్టుకునే నల్ల మాస్కు కూడా కొన్నాను, అది పెట్టుకుని పడుకుంటే తెల్లారి అత్తయ్య చూసి జడుసుకున్నారు. ఆవిడకి బీపీ మాత్ర ఇవ్వాల్సి వచ్చింది.

ఇక లాభం లేదని అశోక్‌నగర్లో ఒక డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆ పేటంతా ఉద్యోగాల పరీక్షలకి చదివే పిల్లలు కదా, వెయిటింగ్ హాల్లో కూడా వాళ్ళే. అందరి కళ్ళ కిందా నల్లటి వలయాలు. పక్కన కూర్చున్న కుర్రాడు నా మొహం చూసి, "ఆంటీ, మీరు గ్రూప్ వన్‌కా, టూకా?" అన్నాడు.

"నిద్రకి బాబూ" అన్నాను.

"అందరం గందుకే వచ్చినం ఆంటీ" అన్నాడు ఆ అబ్బాయి, జరిగి కూర్చుని నాకు ఫ్యాన్ కింద చోటిస్తూ.

డాక్టరు గారు చిన్నవాడే, ఓపిగ్గా విన్నారు. "మాత్ర రాయడం నాకు తేలికే మేడం. ముందు ఇవి చేసి చూడండి. సాయంత్రం కాఫీ మానేయండి. ఫోను పడకగదిలోకి రానీయకండి. రోజూ ఒకే వేళకి పడుకోండి. మీ పనులు కొన్ని వేరేవాళ్ళకి అప్పగించండి. అప్పటికీ కుదరకపోతే మళ్ళీ రండి, అప్పుడు ఆలోచిద్దాం" అన్నారు. నేను బ్యాగు సర్దుకుంటుంటే, "కొంతమందికి బరువైన దుప్పటి కూడా బాగుంటుంది. మీదేదో ఒత్తినట్టుండి మనసు కుదుటపడుతుందంటారు" అని చివర్లో ఒక మాట అన్నారు.

ఇన్ని మంచిమాటల్లో నేను పట్టుకున్నది ఆ చివరిదాన్ని. కాఫీ మానడం నా వల్ల కాదు. పనులు ఇంకొకరికి అప్పగించడం అసలే కాదు. దుప్పటంటే కొంటే చాలు. ఇంటికొచ్చి ఆన్‌లైన్లో వెతికితే ఆ ధరలకి గుండె ఇంకా దడదడలాడింది. "ఇందులో ఏముంటుందండీ?" అంటే, మా ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివి, "గళ్ళు గళ్ళుగా కుట్టి గాజుపూసల్లాంటివి పోస్తారట. మనిషి బరువులో పదో వంతు ఉండాలట" అన్నారు.

అత్తయ్య వత్తులు చేసుకుంటూ వింటున్నారు. "ఇంతేనా? పసిపిల్లలకి మనం ఆవాల దిండు వెయ్యమూ? అదే కదా" అన్నారు.

నిజమే కదా. మా వైపు పసిబిడ్డ తల గుండ్రంగా కుదరాలని ఆవాలు పోసి చిన్న దిండు కుడతారు. దాని మీద పిల్లలు ఎంత హాయిగా పడుకుంటారో. ఆవాలతో దిండు కుట్టగా లేనిది, దుప్పటి కుట్టలేమా? నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఇద్దరికీ ఒకేసారి ఒకే ఆలోచన రావడం అరుదు. వచ్చినప్పుడల్లా నష్టమే జరిగింది.

"అయితే కాచిగూడ వెళ్ళి ఆవాలు తెద్దాం" అన్నాను.

"ఆవాలా? నీకా?" అన్నారు అత్తయ్య, వత్తి పక్కన పెట్టి. "అసలు నీ నిద్ర పోయిందే వేడి చేసి. ఆ అరుపులు, ఆ ఎండలో తిరగడం, ఆ కాఫీలు. ఆవాలు వేడి. చంటిపిల్లలకి మంచిది గానీ నువ్వు కప్పుకుంటే పొద్దుటికి నోరంతా పూస్తుంది. చలవ చేసేది పోసుకోవాలి. సబ్జాగింజలు పొయ్యి."

లెక్కల్లో ఎమ్మెస్సీ చేసినదాన్ని. ఆ మాట విని ఒక్క క్షణమైనా ఆగాలా? ఆగలేదు. డాక్టరు గారి బరువు, అత్తయ్య గారి చలవ, రెండూ ఒకే దుప్పట్లో వస్తున్నాయని మురిసిపోయాను. మా ఆయన కాలిక్యులేటర్ తీసి నా బరువెంత అన్నారు. పెళ్ళినాటి బరువు చెప్పాను. తర్వాత జరిగింది చూశాక అనిపించింది, ఆ అబద్ధమే మమ్మల్ని కాపాడిందని. నిజం చెప్పి ఉంటే ఇంకో రెండు కిలోలు ఉండేవి.

కాచిగూడ హోల్‌సేల్ షాపులో ఆయన ఆరు కిలోల సబ్జా అడిగితే షాపతను లేచి నిలబడ్డాడు. "ఫాలూదా బండి పెడుతున్నరా సార్? ఏడ పెడుతున్నరు?" అన్నాడు. "దుప్పట్లోకి" అన్నారు మా ఆయన. షాపతను మళ్ళీ కూర్చున్నాడు.

మా సందు చివర పాత చీరలతో బొంతలు కుట్టే యాదమ్మ ఉంది. పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళాయన మేస్త్రీ పనికి పోతాడు. అత్తయ్యవి నాలుగు పాత వెంకటగిరి చీరలు, ఆ సబ్జా మూటా తీసుకెళ్ళి, గళ్ళు గళ్ళుగా ఎలా కుట్టాలో చెప్పాను. యాదమ్మ గింజలు అరచేతిలో పోసుకుని చూసి, కళ్ళకద్దుకుంది.

"ఏం మొక్కక్క ఇది?"

"మొక్కు కాదు యాదమ్మా, నిద్ర కోసం."

"నిద్రకు మొక్కుకున్నవా. మంచిదే అక్క. నాకెరికైతే నేను గూడ మొక్కుకుందు" అంది. ఎంత చెప్పినా వినలేదు. పాపం, మొక్కు అనుకునే కుట్టింది కాబట్టి ఎంత శ్రద్ధగా కుట్టిందో. రెండు పొరలు వేసి, ఒక్క గింజ కారకుండా, బిగించి కుట్టి, నాలుగు మూలలా పసుపు కూడా రాసి ఇచ్చింది.

ఇప్పుడు నిజం చెప్పాలి. బొంత పనిచేసింది. మీరు నవ్వండి, కానీ పనిచేసింది. కప్పుకోగానే ఎవరో పెద్దవాళ్ళు భుజం మీద చెయ్యి వేసి 'పడుకోమ్మా, రేపు చూద్దాం' అన్నట్టు అనిపించింది. నాకు ఈ మధ్య ఎవరూ ఆ మాట అనలేదు. అందరూ 'మేడం, ఇప్పుడేం చేద్దాం' అనేవాళ్ళే. కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి కాస్త. అలాగే పడుకున్నాను. పొద్దున వాచీ చూస్తే యాభై దాటింది. మర్నాడు అరవై. శనివారం రాత్రి అసలు ఒక్కసారి కూడా లేవలేదు, స్విచ్చి చూడలేదు. ఆదివారం పొద్దున మొహం మీద ఎండ పడితే మెలకువొచ్చింది. వాచీలో ఎనభై రెండు. డిస్టింక్షన్. ఇంట్లో అందరికీ చూపించాను, మేడ మెట్లెక్కి నర్సింగ్ వాళ్ళకి కూడా చూపించాను. దసరా సెలవులయ్యి సోమవారం స్కూలు తెరవగానే కరస్పాండెంటు గారికి చెప్పాల్సిన సరే అన్నమాట నాలుక చివర సిద్ధంగా ఉంది.

"వారమంతా కప్పుకున్నావు, కాసేపు ఎండలో వెయ్యి" అన్నారు అత్తయ్య. అదీ నిజమే. మోటరు వేసి, బొంత భుజాన వేసుకుని డాబా ఎక్కాను. పిట్టగోడ మీద వేద్దామంటే బరువుకి జారి వీధిలో పడేట్టుంది. పొద్దుటి ఎండ ముందు పడేది ట్యాంకు పక్కనే, అక్కడ చాప పరిచి దాని మీద పరిచాను. సరిగ్గా పైన ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు ఉంది. చూడలేదని కాదు, చూశాను. ఇన్నేళ్ళుగా అందులోంచి ఒక్క చుక్క పడలేదు, నా రికార్డు అలాంటిది.

కిందికొచ్చి కాఫీ కలుపుకుని, పేపర్లో పదబంధం ముందేసుకుని కూర్చున్నాను. అత్తయ్య చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. ఎంత హాయిగా ఉందంటే, మనసులో ఒక్క ప్రశ్న లేదు. వ్యాను లేదు, ల్యాబు లేదు, సంపు లేదు. నిద్ర సరిగ్గా పట్టిన మనిషి బుర్ర ఇంత ఖాళీగా ఉంటుందని మర్చేపోయాను. రెండో కాఫీ కూడా తాగాను.

అప్పుడు పైనుంచి నర్సింగ్ కేక వినిపించింది.

"అక్కా, ఓ పద్మక్కా, జర పైకి రా. మీ బొంత లేస్తున్నది."

"గాలికా?"

"గాలి లేదక్క. గదే ఉబ్బుతున్నది. స్వప్న భయపడుతున్నది."

మోటరు. కప్పు అక్కడే వదిలేసి ముందు స్విచ్చి ఆపాను, తర్వాత డాబా మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. ఎప్పటినుంచి పొర్లుతోందో గానీ ట్యాంకు లోంచి నీళ్ళు ధారగా సరిగ్గా నా బొంత మీద పడుతూనే ఉన్నాయి. సబ్జా సంగతి మీకు తెలుసు కదా. చెంచాడు గ్లాసులో వేస్తే గ్లాసు నిండుతుంది. అక్కడ ఆరు కిలోలున్నాయి. ఒక్కో గడీ నూనెలో పూరీలాగా పొంగుతోంది. యాదమ్మ బిగించి కుట్టిందని చెప్పానే, అందుకని లోపలిది బయటికి రాలేక బొంత మొత్తం నడుం విరుచుకుని లేచి కూర్చుంటోంది. మేం చూస్తుండగానే ఒక మూల కుట్టు టప్పున తెగింది. తర్వాత ఇంకోటి. ఇక ఆగలేదు. తెల్లటి జిగురు, నల్లటి చుక్కలు, మధ్యమధ్య పసుపు, మెల్లగా డాబా అంతా పరుచుకుంటూ వెళ్ళి వాననీళ్ళ పైపు నోట్లో బిరడాలా దిగింది. నీళ్ళు పోయే దారి మూసుకుంది. నీళ్ళకి మిగిలింది మెట్లు.

సరిగ్గా అప్పుడే మా ఆయన ఏమైందో చూద్దామని పైకొచ్చారు. హవాయి చెప్పులు. రెయిలింగు పట్టుకోలేదు. పై మెట్టు మీద అడుగేసి, నన్ను చూసి, "ఏంటిది పద్..." అన్నారు. నా పేరు పూర్తిగా అనే వ్యవధి లేదు. కూర్చున్నట్టే కూర్చుని, ఒక్కో మెట్టూ తగులుకుంటూ, ఎంతో నిదానంగా, మర్యాదగా కిందికి వెళ్ళిపోయారు.

"ఏమండీ, దెబ్బ తగిలిందా?" అని అరిచాను.

"తెలీదు, ఇంకా ఆగలేదు" అని కింది నుంచి వినిపించింది.

నర్సింగ్ వాళ్ళ గుమ్మం ముందు ఆగారు. ఏమీ కాలేదు, లుంగీ మాత్రం ఇంక లుంగీ కాదు.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకే ఆశ్చర్యం. చీర కుచ్చెళ్ళు ఎగదోపాను. "నర్సింగ్, నువ్వు కర్ర తెచ్చి పైపు పొడువు. స్వప్నా, రెండు బకెట్లు, ఒక చేట. ఏమండీ, మీరు చెప్పులిప్పి గోనెసంచులు మెట్ల మీద పరవండి, కిందినుంచి పైకి. అత్తయ్యా, మీరు మాత్రం మెట్లెక్కకండి." గొంతు పెంచలేదు కూడా. చేటలతో ఎత్తి బకెట్లలో పోశాం, బకెట్లు నిండితే టబ్బుల్లో పోశాం. మాకంటే సబ్జా ఎక్కువైంది. అత్తయ్య వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని పైకి చూస్తూ, "చలవ చేస్తుందన్నానా లేదా? గుమ్మం దాకా చల్లబడింది" అంటున్నారు.

నర్సింగ్ కర్రతో గట్టిగా పొడిచాడు. పైపులో ఇరుక్కున్న ముద్ద ఒక్కసారిగా జారి వీధిలో దబ్బుమని పడింది. పిట్టగోడ మీంచి తొంగి చూశాను. ఆ ముద్ద ముందు యాదమ్మ నిలబడి ఉంది. ముద్దని చూసింది, పైకి నన్ను చూసింది, రెండు చేతులూ జోడించింది.

"మొక్కు తీరిందా అక్క?"

"తీరింది యాదమ్మా" అన్నాను. ఇంకేం అనను?

మధ్యాహ్నానికి డాబా ఒక కొలిక్కి వచ్చింది. మా ఆయన గోనెసంచి మీద కూర్చుని నన్నే చూస్తున్నారు. "పొద్దుటినుంచీ చూస్తున్నా పద్మా. నీకు అస్సలు కంగారు లేదు" అన్నారు. అవును, లేదు. ఇన్నేళ్ళూ రోజూ రాత్రి లేచి దేనికి భయపడ్డానో అదే జరిగింది, ట్యాంకు పొర్లింది. జరిగితే ఏమైంది? బకెట్లు తెచ్చుకున్నాం. నేను మెలకువగా ఉండి కాపలా కాయకపోతే ప్రపంచం మునిగిపోతుందనుకున్నాను. మునిగింది మా డాబా ఒక్కటే. అది కూడా నలుగురం కలిసి ఎత్తేశాం. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ట్యాంకు నీడలో తడి చాప మీద నడుం వాల్చాను. పైన దుప్పటి లేదు, కింద దిండు లేదు.

తర్వాత నాకు తెలిసింది మొహం మీద చెంబెడు నీళ్ళు.

కళ్ళు తెరిస్తే అందరూ నా మీదికి వంగి ఉన్నారు. స్వప్న అరికాళ్ళు రుద్దుతోంది. ఎక్కొద్దన్న అత్తయ్య మెట్లన్నీ ఎక్కొచ్చి నా ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టారు. నర్సింగ్ ఫోన్లో, "అన్న, చిక్కడపల్లి, జల్ది రా అన్న, అక్క పడిపోయింది" అని ఆటో అతనికెవరికో అడ్రసు చెప్తున్నాడు. మా ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందండీ?" అన్నాను.

"ఎంత పిలిచినా పలకలేదు" అన్నారు.

"నిద్రపోయాను."

"నిద్రా?" అని వాచీ తిప్పి చూశారు. చూసి, జేబులోంచి రుమాలు తీసి ముందు కళ్ళు తుడుచుకున్నారు, తర్వాత కళ్ళజోడు తుడుచుకున్నారు. "అవున్రా నర్సింగ్, ఆటో వద్దని చెప్పు. మార్కులు కూడా పడుతున్నాయి" అన్నారు. నాకు ఆయన మీద అప్పుడు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. ఆ పూట నెలల తరబడి ఎదురుచూసిన నిద్ర పడితే నలుగురు కలిసి లేపేశారే అన్న కోపం కూడా అంతే వచ్చింది.

సోమవారం కరస్పాండెంటు గారి గదికి వెళ్ళి, "సరే సార్. కానీ ఒక షరతు" అన్నాను. "అన్నీ నేనొక్కదాన్నే చూడలేను. వ్యాను పీఈటీ సారు చూడాలి, ల్యాబు సైన్సు మేడం చూడాలి, సంపు మూత వాచ్‌మన్ చూడాలి."

ఆయన అయోమయంగా నా వైపు చూశారు. "అవి ఎప్పటినుంచో వాళ్ళ డ్యూటీలే కదమ్మా. వాళ్ళే చూస్తున్నారు. రాత్రిపూట మీరు కూడా చూస్తున్నారని మాకెవరికీ తెలీదు" అన్నారు. నేను థాంక్యూ చెప్పి, ఏమీ జరగనట్టు వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

డాక్టరు గారి దగ్గరికి కూడా మళ్ళీ వెళ్ళాను. సాయంత్రం కాఫీ మానేశాను, ఆయనకి చెప్తే సంతోషిస్తారని. "బరువు దుప్పటి వాడారా మేడం?" అన్నారు. "వాడానండీ. బాగా పనిచేసింది. ఇప్పుడు మా మందార చెట్టు మొదట్లో ఉంది" అన్నాను. ఆయన రాయబోయి, ఏం రాయాలో తెలీక పెన్ను మూసేశారు.

ఇంట్లో కూడా పనులు పంచాను. మోటరు మా ఆయనకిచ్చాను. "దానిదేముంది" అన్నారు, మామూలుగానే. ఇప్పుడు నాకు రోజూ ఫస్టు క్లాసు మార్కులు. మధ్యలో ఎప్పుడో ఒకసారి ఆయన కదిలినట్టనిపించి, "పద్మా, మోటరు ఆపానంటావా?" అని వినిపిస్తుంది. "మీరు లేచి చూస్తారని నాకు తెలుసండీ. అందుకే నాకు నిద్ర పడుతోంది" అని అటు తిరిగి పడుకుంటాను. ఎన్నాళ్ళనుంచి దాచుకున్న మాటో అది. మొన్న ఆ వాచీ ఆయన పెట్టుకున్నారు. ముప్పై ఒకటి. దిగులుగా నాకు చూపించారు. ఇంకో నాలుగు గ్రేసు మార్కులు వేసి పాస్ చేశాను.

నిన్న స్కూలు నుంచి వస్తుంటే యాదమ్మ గేటు దగ్గర నన్ను ఆపి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అక్క, సారు గూడ మొక్కుకున్నడా? పాత చీరలు తెచ్చిచ్చి బొంత కుట్టమన్నడు. నీకు చెప్పొద్దన్నడు."

"గింజలేవి తెచ్చారు?" అన్నాను.

"మెంతులక్క. ఒక సంచి."

మెంతులు కూడా నానితే ఉబ్బుతాయని ఆయనకి చెప్పాలి. మోటరు ఆయన చేతిలోనే ఉంది కాబట్టి తొందరగానే చెప్పాలి. చెబుదామనే రాత్రి మంచం ఎక్కాను. ఈలోపు కళ్ళు మూతలు పడ్డాయి. రేపు చూద్దాం.